అత్తమ్మ రూము స్లాబు మీద ఇన్సులేషన్: 62 వేలు పోసినంక ఏమొచ్చింది

ముందుగాల్నే చెప్తున్న, స్లాబుల వేడి దిగకుండ మీద ఏపిచ్చిన ఈ ఇన్సులేషన్ పనికి 5కి నాలుగున్నర, పని చేసినోళ్లకు 5కి రెండున్నర. రెండూ కలిపి ఒక్కటే మార్కు ఇయ్యమంటే నాతోని కాదు. ఎందుకో చెప్పాల్నంటే జర పొడుగైతది, స్లాబు రూముల ఎండకాలం ఏగుతున్నోళ్లుంటే ఓపిక చేసుకొని చదవండి.

మాది నల్లగొండ, పానగల్ పోయే దారి దిక్కు. ముందటి ఇల్లు గూనపెంకులది, మామయ్య వాళ్ల నాయిన కట్టింది. దాన్ని కూలగొట్టబుద్ధిగాక ఆరేండ్ల కింద ఎనక జాగల 14 బై 22 రూమొకటి, పక్కన చిన్న బాత్రూము కలిపి స్లాబు ఏసినం, అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి బాత్రూము పక్కనే ఉండాలని. రూము మంచిగనే వచ్చింది కానీ పడమటి ముఖం, మీద చెట్టు నీడ లేదు, ఎత్తు తొమ్మిదిన్నర అడుగులే. నల్లగొండ ఎండల సంగతి నేను చెప్పేదేముంది, మే నెలల 44, 45 అంటే మనకు వార్త గూడ కాదు, రోహిణి కార్తెకు రోళ్లు పగుల్తయంటరు, మా స్లాబు పగుల్లిచ్చింది కూడా.

తమాషా ఏందంటే పగటి పూట స్లాబు రూమే నయం. 12 గంటలకు పెంకుల ఇల్లు ఉడుకుతుంటది, స్లాబు రూము సల్లగ ఉంటది. పొద్దుగూకినంక ఉల్టా అయితది. పెంకుల ఇల్లు ఏడింటికల్లా సల్లబడతది, స్లాబు రూము అప్పుడు షురూ చేస్తది. రాత్రి ఒంటిగంటకు గూడ స్టూలెక్కి స్లాబుకు చెయ్యి ఆనిస్తే, ఇస్త్రీ చేసిన అంగీ మీద చెయ్యి పెట్టినట్టుంటుండె. ఫ్యానేస్తే ఆ వేడినే కిందికి తోస్తది. అత్తమ్మ అన్న మాట ఇప్పటికీ మా ఇంట్ల నడుస్తది, "జొన్నరొట్టె పెనం బోర్లిచ్చి కింద నన్ను పండవెట్టిండ్రు బిడ్డా" అని. పోయిన ఎండకాలం రెండు నెలలు ఆమె వాకిట్ల నులక మంచం మీదనే పండుకుంది, దోమలు, కుక్కలు, పక్కింటి ఫంక్షన్ డీజేలు, అన్నీ భరించుకుంట.

అప్పుడు నాకు అర్థమైందేందంటే మా బాధ మధ్యాహ్నం ఎండ కాదు, రాత్రి. 5 అంగుళాల కాంక్రీటు పొద్దంతా వేడి తాగి ఊకుంటది, సాయంత్రం నుంచి కక్కుడు మొదలు పెడతది. అందుకే ఎవరన్నా "రూము 10 డిగ్రీలు తగ్గుతది" అంటే నేను ముందుగాల అడిగేది ఎన్ని గంటలకు అని. పగలు పనికి పొయ్యేటోళ్లకు మధ్యాహ్నం రెండింటికి రూము ఎట్లుంటే ఏంది?

ఏమేం చేసి చూసినమంటే, సాయంత్రం ఆరింటికి రెండు డ్రమ్ముల నీళ్లు చల్లుడు, తడి గోనె సంచులు పరుసుడు. పని చేస్తది, అబద్ధమెందుకు, కానీ మే నెలల రోజూ రెండు డ్రమ్ములు స్లాబు మీద పొయ్యాల్నంటే మనసొప్పది, పైగా పగుళ్లల్లకెళ్లి నీళ్లు దిగి సీలింగుకు పసుపు మరకలు వచ్చినయి. టౌన్ల ఫాల్స్ సీలింగు షాపాయన గ్లాస్ ఊల్, అంటే గాజు దూది, పెట్టి సీలింగు కొట్టిస్త అన్నడు. తొమ్మిదిన్నర ఎత్తుల ఇంకో అడుగు తగ్గితే ఫ్యాను మా ఆయన నెత్తికి తాకుతది. అదొకటైతే, కింద సీలింగు కొడితే స్లాబు మాత్రం ఎప్పటిలెక్కనే కాలుకుంట ఉంటది, సాగుడు ముడుచుకునుడు ఆగది, పగుళ్లు ఆగయి. వేడిని స్లాబు మీదనే ఆపాలె గానీ లోపలికి రానిచ్చి అడ్డుకునుడు ఎందుకు? పక్కింటక్క తెల్ల కూల్ రూఫ్ కోటింగు ఏపిచ్చుకుంది, రెండు పూతలు, తొమ్మిదిన్నర వేలల్ల అయిపోయింది. మొదటేడు బ్రహ్మాండం, నేను కూడ ఎక్కి చూసిన. రెండో ఏడాదికి మన రోడ్ల దుమ్ము పట్టి అది తెలుపు కాదు, గోధుమ రంగు. కడిగితే మళ్లా పని చేస్తది, కడగాలె అంతే. పైసలు తక్కువున్నోళ్లకు నేను ఇప్పటికీ అదే చెప్తా, ముందు అది చేసుకోండి.

సర్కారు కూడ 2023 ఏప్రిల్‌ల తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 2028 దాకా నడిచేది, 600 గజాలు, ఆపైన ప్లాట్ల ఇండ్లకు కంపల్సరీ, కిందోళ్లకు ఇష్టముంటే. మాది 160 గజాలు, మమ్మల్ని అడిగేటోడు లేడు, మా తిప్పలకు మేమే చేయించుకున్నం.

నేను పట్టుకున్నది ఎక్స్‌పీఎస్ బోర్డు, పాలిస్టైరిన్ అనే ప్లాస్టిక్ నురగతోని చేసిన పలక. థర్మోకోల్ జాతిదే కానీ గింజలు గింజలుగ ఉండది, గట్టిగ, నున్నగ, లోపల సన్నటి మూసుకపోయిన బుడగలు, అందుకే నీళ్లు పీల్చది. 2 అంగుళాల బోర్డు ఆపేంత వేడిని ఉత్త కాంక్రీటుతోని ఆపాల్నంటే దాదాపు 8 అడుగుల మందం పొయ్యాలె, మా తమ్ముడు సివిల్ చదివిండు, వాడితోని రెండుసార్లు లెక్క చేయించిన, నమ్మకం కాక. నల్లగొండల రెండు మూడు షాపులు తిరిగిన, నాకు ఎక్కడా దొరకలే, హైదరాబాద్ డీలర్ దగ్గర 40 బోర్డులు తీసుకున్న, ఒక్కోటి 480, ట్రాలీ ఆటో కిరాయి 2,200. బోర్డులు దూదిలెక్క తేలిక, కానీ జాగ ఆక్రమిస్తయి, కిరాయి బరువుకు కాదు జాగకు కడుతున్నం అన్నట్టు. ఈ డీలర్ మాత్రం నిఖార్సైన మనిషి, ఫోన్లనే "మేడం, ఎండల పెట్టకండి, పెట్రోల్ వాసనొచ్చే గమ్ము ఏది తగలనియ్యకండి" అని చెప్పిండు. ఆ రెండు మాటలూ తర్వాత అక్షరాల నిజమైనయి.

ఇగ పనోళ్ల కథ. వాటర్‌ప్రూఫింగ్ చేసే కాంట్రాక్టర్, మనూరాయనే, పేరెందుకు. మా ఆయన మిర్యాలగూడల రైస్ మిల్లుల పని, ఆదివారమే ఇంట్ల ఉంటడు, కాబట్టి మొత్తం నేనే చూసుకున్న. కాంట్రాక్టర్ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా "సార్ ఉన్నరా మేడం, సార్‌తోని మాట్లాడతా" అనుడే. అన్నా, పైసలు ఇచ్చేది నేను, నాతోనే మాట్లాడు అని నాలుగోసారి అన్నంక కొంచెం దారికొచ్చిండు. మొదట నన్ను బోర్డులు కొననియ్యలేదు తెలుసా, "నేనే తెస్త, నా దగ్గర తక్కువకొస్తది" అని ఒక ముక్క పట్టుకొచ్చిండు. బొటనవేలు పెట్టి నొక్కిన, సొట్ట పడ్డది, అంచు గీరిన, తెల్ల గింజలు ఊడి గాలికి ఎగురుతున్నయి. టీవీ డబ్బాల వచ్చే థర్మోకోలే అది. "రెండూ ఒకటే మేడం" అన్నడు. ఒకటే జాతి అయితే అయింది గానీ కోడిపిల్ల, కోడిపుంజు ఒకటేనా? ఆడికి బోర్డులు నేనే తెచ్చుకుంట అని చెప్పిన.

ఇంకో సంగతి, పాత ఇంటికి కలిపి కట్టిన స్లాబుకు ఇది చేసుకునేటోళ్లు బాగ చూసుకోవాలె. ఇన్సులేషన్ అంటే బోర్డు ఒక్కటే కాదు, వాలు కోసం కాంక్రీటు, బోర్డు, దాని మీద జాలీ పెట్టి ఇంకో 2 అంగుళాల కాంక్రీటు, ఆపైన టైలు, మొత్తం కలిపి మా స్లాబు అటిటు ఆరు అంగుళాలు పైకి లేచింది. మా పెంకుల చూరు స్లాబుకు అడుగు ఎత్తుల ఉండె, ఇప్పుడు అర్ధడుగే. చూరు నీళ్లన్నీ ఆ సందులనే పడతయి. పిట్టగోడ ఆరు అంగుళాలు కురచయింది, నీళ్ల పైపు నోరు పైకి తెప్పించాల్సి వచ్చింది. బరువు కూడ, 2 అంగుళాల కాంక్రీటంటే చదరపు అడుగుకు 11 కిలోల దాకా వస్తది, మా 308 అడుగులకు అదొక్కటే 3 టన్నుల పైన. అందుకే స్లాబుకు ప్లాన్ గీసిన ఇంజనీరు దగ్గరికి పోయి, కడ్డీల లెక్క చూపిచ్చి, మొయ్యగలదా అని అడిగినంకనే పని మొదలు పెట్టినం. ఏ ఇల్లైనా అడగకుండ చెయ్యకండి, కాంట్రాక్టర్ "ఏం కాదు" అనేది ఆయన స్లాబు కాదు కాబట్టి.

ఏప్రిల్ రెండో వారం షురూ చేసిండ్రు. స్లాబు గీకి, పగుళ్లు కోసి నింపి, వాలు తీసి, రెండు పూతలు వాటర్‌ప్రూఫ్ కొట్టిండ్రు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. ఇంతవరకు వంక పెట్టేటట్టు లేదు, పిలగాండ్లు మంచిగ చేసిండ్రు. నేను పైపు మూసి నీళ్లు నింపి రెండు రోజులు చూద్దాం అన్న. "టైం వేస్టు మేడం, మాది గ్యారంటీ వర్కు" అన్నడు. బోర్డులు పరిచినంక నీళ్లు కారితే మొత్తం పగలగొట్టాలె, అందుకే మొండిగ కూసున్న. పైపుకు గుడ్డ కుక్కి, పిట్టగోడ లోపల రెండు అంగుళాల నీళ్లు నిలిపినం. తెల్లారి ఎనిమిదింటికి అత్తమ్మ పిలిచింది, గోడకు చెమట పట్టింది చూడు అని. పెంకుల ఇంటి గోడా, స్లాబూ కలిసే కాడ, కరెంటు బోర్డుకు జానెడు పైన, గోడ మీద నల్లగ తడి, అరచెయ్యంత. కాంట్రాక్టర్ వచ్చి చూసి ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. కోటింగును గోడ మీదికి రెండు అంగుళాలే ఎక్కిచ్చిండ్రట, ఆ మూలకు సిమెంటు గుండ్రంగ తిప్పకుండ సూటిగ వదిలిండ్రట. పాత గోడ ఒక దిక్కు కదులుతది, కొత్త స్లాబు ఇంకో దిక్కు కదులుతది, నడుమ ఆ పొర తెగుతది. మళ్లా గోడ చెక్కి, మూల గుండ్రంగ తిప్పి, జాలీ బట్ట పెట్టి, కోటింగు చూరు కింది దాకా ఎక్కిచ్చిండ్రు. మళ్లా రెండు రోజులు నీళ్లు. ఈసారి గోడ పొడిగనే ఉంది. ఆ నీళ్ల టెస్టు కోసం కొట్లాడకపోతే 62 వేలు గంగల కలిసేవి, అది మాత్రం ఖాయం.

తర్వాత బోర్డులు. పొద్దున పనోళ్లు వచ్చి 40 బోర్డులూ పైకెక్కిచ్చి, ఇంకో సైటుల అర్జంటని దిగిపోయిండ్రు. ఐదు రోజులు పత్తా లేదు. డీలర్ ఎండల పెట్టొద్దన్నడు కదా, నేను చీరలు, పట్టాలు కప్పి ఇటుకలు పెట్టిన. నాలుగో రోజు సాయంత్రం గాలిదుమారం లేచింది, రెండు బోర్డులు ఎగిరి పక్కింటక్క వాళ్ల జామచెట్టుల ఇరికినయి, చిన్నపిల్లలు ఒకటే నవ్వుడు, నాకు ఏడుపు. పట్టా జరిగిన కాడ ఉన్న మూడు బోర్డులు ఎండకు పాలిపోయి, పైన చెయ్యి పెడితే పౌడరు లెక్క అంటుతుంది, మూలలు వంకరైనయి. అవి పక్కన పారేసినం, అంచుల వేస్టు కోసం తెచ్చిన రెండూ, ఇంకా ముక్కలు ముక్కలు కలిపి సరిపెట్టినం.

ఆరో రోజు వచ్చిండ్రు, అప్పుడు గమ్ము కథ. ఒక పిలగాడు ప్లైవుడ్‌కు పెట్టే పసుపు గమ్ము డబ్బా తీసి బోర్డు అడుగున బ్రష్షుతోని పూసిండు. నేను టీ గ్లాసులు పట్టుకొని ఎక్కేసరికి బోర్డు మీద గుంటలు పడుతున్నయి, ఉప్పు చల్లిన జలగ లెక్క ముడుచుకుంట, చప్పుడు కూడ ఇనొస్తుంది, చిర్రు చిర్రుమని. ఆ పిలగాడు నా మొఖం చూసి, "ఇదేంది మేడం, మీ బోర్డు నకిలీదా?" అన్నడు. నకిలీది కాదు నాయినా, ఆ గమ్ముల ఉండే సాల్వెంటు పాలిస్టైరిన్‌ను కరిగిస్తది, ఏ కంపెనీదైనా అంతే. ఇంకో బోర్డు పోయింది. చివరికి గమ్మే లేకుండ ఇటుకలు పేర్చినట్టు సందులు కలవకుండ దగ్గరదగ్గరగ పరిచి, మీద జియో బట్ట, అంటే నీళ్లు దిగనిచ్చే ప్లాస్టిక్ బట్ట, కప్పి, కోడిజాలీ పరిచి కాంక్రీటు పోసినం, మీది బరువే పట్టుకుంటది.

కాంక్రీటు పొద్దున ఆరింటికి పొయ్యాలని అడిగిన, ఈ ఒక్క మాట కాంట్రాక్టర్ ఎదురు చెప్పకుండ ఇన్నడు. కింద ఇన్సులేషన్ ఉంటే ఆ పైపొర వేడి కిందికి పోయే దారి ఉండది కాబట్టి జల్ది ఎండి పగుల్తది, వారం రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలె. అత్తమ్మే ఆ డ్యూటీ తీసుకుంది, మోకాళ్ల నొప్పులున్న మనిషి రోజుకు మూడుసార్లు మెట్లెక్కింది, ఎంత చెప్పినా ఇనలే. నడుమ నడుమ గీతలు కోపిచ్చినం, సాగడానికి జాగ ఉండాల్నని. మీద గరుకు తెల్ల టైల్స్.

పైసల లెక్క: బోర్డులు 19,200, కిరాయి 2,200, వాటర్‌ప్రూఫ్ మనుషులతోని కలిపి 11 వేలు, సిమెంటు ఇసుక జాలీ పోసే కూలీ 13,600, టైల్స్ 9 వేలు, టైల్స్ కూలీ 7 వేలు. చదరపు అడుగుకు 200 పడ్డది. పక్కింటక్క కోటింగు నాకు తొమ్మిదిన్నర, మీకు 62, అని ఇప్పటికీ దెప్పుతది.

పైసలు చాలక బాత్రూము మీద చెయ్యలే, అదే మంచిదైంది. ఒకే రోజు, ఒకే ఎండ, చేసింది ఒకటి, చెయ్యనిది ఒకటి, పక్క పక్కన. దూరంకెళ్లి వేడి చూపెట్టే గన్ను ఒకటి ఆన్‌లైన్ల కొన్న. మే ఆఖరి వారం మధ్యాహ్నం రెండున్నరకు బాత్రూము స్లాబు పైన 61, తెల్ల టైల్స్ మీద 45. అసలుది సాయంత్రం ఏడింటికి, బాత్రూము సీలింగు 44, అత్తమ్మ రూము సీలింగు 36. రాత్రి పదింటికి రూములోపలి గాలి 34, పోయినేడు ఇదే టైముకు 37, 38 ఉండేది. చూస్తే మూడు నాలుగు డిగ్రీలే అనిపిస్తది, కానీ నెత్తి మీది స్లాబు కక్కుడు ఆగింది చూసిండ్రా, దాని ఫరకు మంచం మీద పండుకుంటేనే తెలుస్తది. స్టూలెక్కి చెయ్యి పెట్టిన, సీలింగు మామూలు గోడ లెక్క ఉంది. ఏసీకి కాలిన కరెంటు పోయినేడు మే నెలల 412 యూనిట్లయితే ఈ ఏడు మే నెలల 318, ఈసారి నడుమ రెండు వానలు పడ్డయి కాబట్టి మొత్తం దీని గొప్పే అని నేనన. ఇంతకుముందు ఏసీ ఆపితే అర్ధగంటల రూము మళ్లా ఉడికేది, ఇప్పుడు పదకొండింటికి ఆపితే తెల్లారేదాక ఫ్యాను చాలు.

వేడి పోనిది ఏందంటే పడమటి గోడ. సాయంత్రం ఆరింటికి ఆ గోడకు వీపు ఆనిచ్చి కూసోలేం, స్లాబు మీద ఎన్ని పొరలేసినా దానికేం సంబంధం లేదు. ఆ గోడకు వచ్చే ఏడు షేడ్ నెట్ కట్టాలె, లేదంటే బీర పాదు పాకిచ్చాలె, అత్తమ్మ ఓటు బీర పాదుకే. ఇంకోటి, తెల్ల టైల్స్ మీద మధ్యాహ్నం బట్టలారెయ్య పోతే కండ్లు గుంజుతయి, వెలుతురు ఎగిరి కొడతది. వడియాలు పాత స్లాబు మీద రెండు రోజులల్ల ఎండేటియి, ఇప్పుడు మూడు రోజులు పడుతున్నయి. అత్తమ్మ వాటిని బాత్రూము స్లాబు మీదికి మార్చింది, అదింక అట్లనే ఉండనియ్యి, దాని మీద ఏం ఎయ్యకండి అని ఆర్డరు.

మృగశిర తెల్లారి చాపల కూర తిని కూసున్నం, ఆ రాత్రే మొదటి గట్టి వాన కొట్టింది. నేను టార్చి పట్టుకొని ఆ గోడ కాడ అర్ధగంట నిలబడ్డ. పొడి. కానీ పొద్దున ఎక్కి చూస్తే నీళ్ల పైపు నోరు చుట్టు టైల్స్ సందుల గ్రౌటు జానెడు పొడుగు పగిలింది. పెద్దదేం కాదు, కానీ అక్కడ నీళ్లు నిలుస్తయి. కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తే "రేపు పిలగాని పంపిస్త మేడం" అన్నడు, ఆ రేపు రాక మూడు వారాలైంది. మొన్న నేనే గ్రౌటు ప్యాకెట్ తెచ్చి, పాత టూత్ బ్రష్షుతోని సందు కడిగి పూసిన, మంచిగనే పట్టింది. ఫొటో తీసి పంపిన, రెండు నీలం టిక్కులు పడ్డయి. ఫైనల్ బిల్లుల ఆపిన 4 వేలు మాత్రం ఇంకా నా బీరువాలనే ఉన్నయి, వాటి కోసమన్నా వస్తడని చూస్తున్న.